శిఖము నేల, షికారు నేల

యూసుఫ్‌గూడలో చెరువెక్కడ అని అడిగిన బాటసారికి నేడు ఎవ్వరును వ్రేలు చాపి దారి చూపజాలరు. కృష్ణకాంత్ పార్కు ఎక్కడ అని అడిగినచో మాత్రము ఆటో తోలువాడు మొదలు అరటిపండ్ల బండివాని వరకు ప్రతివాడును తడుముకొనక చెప్పును. ఆ రెండును ఒక్కచోటనే యున్నవనియు, 1990 మొదలు 1997 వరకు ఆంధ్రప్రదేశమునకు గవర్నరుగా నుండి పిమ్మట ఉపరాష్ట్రపతియైన కృష్ణకాంతుని పేర వెలసిన ఆ యుద్యానవనము పూర్వపు చెరువు గర్భముననే నిలిచినదనియు ఎరిగినవారు ఆ బస్తీలో వయసు మీరినవారు కొందరే. వేకువనే అచ్చట చుట్లు తిరిగి ఆరోగ్యము సంపాదించుకొనువారు తాము త్రొక్కుచున్న నేల ఒకనాడు చేపలు తిరిగిన నేలయని తలపరు; తలపవలసిన పనియు వారికి లేదు.

ఒకనాటి ఉదయమున ఆ ప్రాంతమున వానకు నిలిచిన మడుగు నంచున ఒక కొంగ కదలక మెదలక చాలసేపు నిలిచి, చటుక్కున మెడ సాచి, ఏదో జలచరమును ముక్కున కరచుకొని, ప్రహరిగోడ మీదుగా ఎగిరిపోయి, ప్రక్కింటి మేడపైనున్న నీళ్లతొట్టి మూతమీద వ్రాలి, తాపీగా మ్రింగుట చూచితిని. మడుగు సర్కారుది, తొట్టి గృహస్థునిది. కొంగకు ఆ వివేచన లేదు. మనుష్యునికి అది ఏనాడు కలిగినది, కలిగిన పిమ్మట నీటికిని నేలకును నడుమ గీత నెవ్వరు గీసిరి, ఆ గీతమీద నిలిచి విల్లో తుపాకియో ఎక్కుపెట్టినవాడు ఎవని యనుమతి నడుగవలసి యుండెను అన్న ఆలోచన నన్ను ఆనాటినుండి వదలలేదు.

పడమటి దేశములవారు ఈ చిక్కును గూర్చి గ్రంథములకు గ్రంథములే వ్రాసికొనిరి. ఆరవ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి కూర్పించిన రోమక ధర్మశాస్త్రము ప్రకారము నదులు సర్వజనులవి, వాటిలో చేపలు పట్టుకొను హక్కు అందరిది. ఒడ్డున పడవ కట్టుకొనుటకును వల ఆరవేసికొనుటకును ఎవ్వడైనను దిగవచ్చును గాని ఆ ఒడ్డునేల మాత్రము ప్రక్కపొలము వానిదే. వనమృగము పట్టినవాని సొత్తు, అది ఎవని నేలలో దొరికినను సరే. అయితే నేలగలవాడు వేటకానిని లోనికి రావలదని వారింపవచ్చును. ఇంతవరకు బాగుగనే యున్నది. నదిలో పడవపై కూర్చున్న వేటకాడు, ఆ నీటి యడుగు నేల ఒకరి పట్టాలో నున్నప్పుడు, లోనికి వచ్చినట్లా రానట్లా? ఈ ప్రశ్నయే 1914లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ముందు నిలిచినది. వేటదేవత పేరు పెట్టుకొన్న డయానా షూటింగ్ క్లబ్బు, రాక్ నదిపై పడవ నడుపుచు బాతులవేటకు వచ్చిన హస్టింగ్ అనువాడు, వేటహక్కు తమకే దఖలుపడిన నేలపై అక్రమముగా చొరబడెనని వ్యాజ్యము తెచ్చినది. పడవ పోగల నీరున్నంతమేర, అనగా నది మామూలుగా నిండి పారునప్పుడు ఒడ్డున నీరు విడుచు మరకవరకు, అడుగునేల ఎవనిదైనను ఆ నీటిపై వేట ప్రజలదని తీర్పు చెప్పి ఆ న్యాయాధిపతులు క్లబ్బువారిని పంపివేసిరి. అంతటితో అచ్చట వేటకాని హద్దు నీటిమరకయైనది.

మన దేశమున ఇట్టి వ్యాజ్యము నాకు తారసపడలేదు. తారసపడకపోవుటకు మనవారు వేటాడకపోవుట కారణము గాదు. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటయు, ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యమున స్వర్ణముఖీతీరపు తిన్నని వేటయు చదివినవాడెవ్వడును ఆ మాట అనజాలడు. కారణము వేరొకటి. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున చెరువులయందలి చేపలపైనను, దాటించు దోనెలపైనను, నీట మొలచు కూరలపైనను స్వామ్యము రాజుకే యుంచినాడు. మనుస్మృతి పొలమును అడవి నరకి సాగునకు తెచ్చినవానికిని, మృగమును మొట్టమొదట బాణముతో కొట్టినవానికిని ఒక్క న్యాయముననే కట్టబెట్టినది. శ్రమ ముందు, హక్కు వెనుక. నీరు రాజుది, మెట్ట దున్నినవానిది, జంతువు కొట్టినవానిది అని మూడు ముక్కలుగా పంచుకొన్నచోట నీటియంచు ఎక్కడ అన్న తగవుకు తావు తక్కువ; తగవు వచ్చిన అది రాజు ముంగిటికే పోవలెను. మరియు రాజే వేటకాడైనచోట నోరు మెదపువాడెవ్వడు?

హైదరాబాదు రాజ్యమున జరిగినది సరిగా ఇదియే. పట్టణము చుట్టునున్న అత్రాఫెబల్దా జిల్లా నిజాము సొంతవ్యయమునకు ప్రత్యేకింపబడిన సర్ఫెఖాసు భూములతో కూడినది. దానికావల నవాబుల పైగాలు, జాగీర్లు, వాని నడుమ సర్కారు నేరుగా ఏలు ఖాల్సా గ్రామములు. ఈ రాజ్యమున వేటభూమిని షికార్‌గాహ్ అనెడివారు. 1869 మొదలు 1911 వరకు ఏలిన మహబూబ్ అలీఖాన్ పులివేటలో ఆరితేరినవాడని ప్రతీతి; 1902లో వైస్రాయి కర్జను ఈ రాజ్యమునకు విచ్చేసినప్పుడు చచ్చిన పులిప్రక్కన సతీసమేతుడై నిలిచి తీయించుకొన్న చిత్రము లాలా దీనదయాళుని పేరుతో నేటికిని లోకమున తిరుగుచున్నది. నగరమునకు తూర్పున వనస్థలిపురము కడ నున్న మహావీర్ హరిణ వనస్థలి నిజాముల వేటస్థలము. మెదకు సీమలోని పోచారము అట్టిదే. ఈ రెండవదానియందు ఒక విశేషమున్నది. 1916కును 1922కును నడుమ ఆలేరు వాగునకు అడ్డకట్ట వేసి అచ్చట చెరువు నిర్మించినది వరిమళ్ల తడి కొరకు. ఆ నీటిని వెదకికొని పక్షులును, పక్షులను వెదకికొని తుపాకులును వచ్చినవి. రైతు కొరకు పుట్టిన నీరు ఏలికకు వినోదస్థలమైనది. పక్షి నీటిమీద నున్నదా గట్టుమీద నున్నదా అని అచ్చట నెవ్వరు కొలువలేదు. ఉత్తరువు కాగితము చేతనున్నవానికి రెండును ఒక్కటే, లేనివానికి రెండును నిషిద్ధమే.

అయినను ఏలికల వేటకు వెలుపల, ఊరి చెరువులకడ, నీటియంచును గూర్చి మనవారికొక సూక్ష్మమైన ధర్మము లేకపోలేదు. దానిని వ్రాసిపెట్టినవారు న్యాయాధిపతులు గారు, పట్వారీలు. తెలంగాణమున చెరువు నిండినప్పుడు మునిగి, ఎండలు ముదిరి నీరు వెనుకకు జరిగినకొలది తేలివచ్చు నేలకు శిఖమని పేరు. పహాణీలలో ఆ సర్వే నంబరునకు ఎదుట 'శిఖం తలాబ్' అని యుండును. కొన్ని చెరువులలో అది యావత్తును సర్కారుది. కొన్నింట దానిలో కొంతభాగమునకు పట్టాదారులు కలరు. అయితే పట్టాశిఖముగల రైతు హక్కు పెరటిదొడ్డిమీది హక్కువంటిది కాదు. నీరు తగ్గినప్పుడు దున్నుకొనవచ్చును, దోసపాదులు పెట్టుకొనవచ్చును, యాసంగి పైరు వేసికొనవచ్చును; నా నేల మునుగుచున్నదని తూము తెరచి నీరు వదలుటకుగాని, మట్టి పోసి నేల నెత్తుచేసికొనుటకుగాని అతనికి అధికారము లేదు. మత్తడి దూకువరకు నీరు నిలుచుట చెరువు హక్కు. నీరున్నన్నినాళ్లు ఆ నేలపైననే గంగపుత్రులో ముదిరాజులో వలలు వేయుదురు, చేపలు వారివి. నీరు తీసిన పిమ్మట ఆ నేలలోననే రైతు నాగలి కట్టును, పంట అతనిది. ఏడాదిలో ఒక్క నేలకు ఇద్దరు హక్కుదారులు, వారి నడుమ సరిహద్దురాయి ఋతువు.

ఆ విస్కాన్సిన్ న్యాయాధిపతులు నీటిమరకవద్ద రాయి పాతిరి. మన పట్వారి ఆ రాతికి కాళ్లు పెట్టినాడు. ఏది మేలైన ధర్మమో నిర్ణయించుట నా శక్తికి మించినది గాని, సముద్రమువలె నిండుటయు పళ్లెమువలె ఎండుటయు గల దక్కను చెరువునకు రెండవదియే తగియున్నదని నా నమ్మకము.

వేటకాని ముచ్చట ఇచ్చటనే వచ్చును. ఉత్తరమునుండి వచ్చు పరజలు, ఉల్లంకిపిట్టలు మన చెరువులపై వ్రాలునది కార్తిక మార్గశీర్షములలో. అవి తిరిగిపోవునది వసంతము వచ్చువేళకు. చెరువు నీరు మెల్లగా వెనుకకు జరుగు కాలమును సరిగా అదియే. పరజ లోతులేని నీటిలో మేయును, ఉల్లంకి తడియారని బురదలో ముక్కు గ్రుచ్చును. అనగా పక్షి ఉండుచోటు ఎల్లప్పుడును ఆ జరుగుచున్న అంచే, ఇంక నీరు కాక, ఇంకను పొలము కాక నున్న జానెడు నేల. పక్షిని పట్టవచ్చినవాడును అక్కడనే పొంచవలెను. మన దేశమున పలు తావుల ఒక పాత ఉపాయము కలదు: ముందుగా కొన్ని కుండలను నీటిపై తేలవిడిచి, పక్షులు వానికి అలవాటుపడినాక, వేటకాడు తానొక కుండను తలపై బోర్లించుకొని మెడలోతు నీటిలో మెల్లగా నడచి, బాతు కాళ్లు పట్టి చప్పుడు లేకుండ లోనికి లాగును. తుపాకిలేనివాని వేట ఇది. గట్టుమీది రైతు కనుచున్నను కాదనడు. అతని నేల ఆనాటికి నీటిక్రింద నున్నది గదా.

ఇట్టి వృత్తిపై బ్రతికిన కులములలో ఒకదాని పేరు నా కెన్నడును మరపురాదు. మన వెనుకబడిన తరగతుల జాబితాలో మొదటి వర్గమున 'పారధి' అని వ్రాసి, ప్రక్కన 'నీర్‌షికారీ' అని చేర్చియుందురు. షికార్‌గాహ్‌ల షికారునకు చరిత్రకారులును చిత్రకారులును దొరికిరి. ఈ షికారీలకు జాబితాలో ఒక పంక్తి దొరకినది. వారిని పిట్టలవారని ఊరివారు పిలుచుటయు కలదు. వేరొకవైపు, వేటదొరను వెక్కిరించు పగటివేషము తెలంగాణమున ప్రసిద్ధము: పిట్టలదొర, లేక తుపాకి రాముడు. ఖాకీ దుస్తులు, తలపై దొరటోపి, భుజమున కర్రతుపాకి ధరించి ఊరి నడుమ నిలిచి, తాను పడగొట్టిన పులులను, తన కున్న ఎకరములను, చెరువులను, మేడలను గూర్చి ఊపిరాడకుండ ప్రగల్భములు పలుకును. చేతి తుపాకి పేలదు, చెప్పిన భూమి లేదు. వేటను, భూస్వామ్యమును ఒక్క నోటితో ఇంత నిశితముగా ఎగతాళి చేసినవారు మన కవులలో తక్కువ.

ఇక చట్టములు. మద్రాసు రాజధానిలో 1905వ సంవత్సరపు మూడవ చట్టము నదుల, వాగుల, చెరువుల గర్భములును, పారునీరును నిలుచునీరును, జమీందారులకో ఇతరులకో చెందినవని తేలినంతమేర తప్ప, సర్కారు ఆస్తి యని చాటినది. దాని వెనుకనే హైదరాబాదులో 1317 ఫసలీ, అనగా 1907 ప్రాంతపు మాల్గుజారీ చట్టము ఇరువదినాలుగవ దఫాలో దారులు, నదులు, చెరువులు, కాలువలు, పారునీరు సర్కారువని చెప్పినది. రెండు చట్టములును శిస్తుకొరకు పుట్టినవి. పక్షి మాటయే అందు లేదు. పక్షి కొరకు బ్రిటిషిండియాలో 1887లో ఒకటియు, 1912లో దాని స్థానమున మరొకటియు చట్టములు వచ్చినవి గాని, అవి గ్రుడ్లుపెట్టు కాలమున కొన్నింటిని కొట్టవలదన్నవే తప్ప వేటను మాన్పినవి కావు. ఆ కాలపు దృష్టిలో తుపాకి ఎంత సహజమైన పనిముట్టో తెలియుటకు ఒక్క నిదర్శనము చాలును: 1931-32లో సలీం అలీ నిజాము ప్రభుత్వపు సాయముతో ఈ రాజ్యపు పక్షులను సర్వే చేసినప్పుడు, ఆయన జాబితా నెక్కిన పక్షులలో పెక్కింటిని తుపాకితోనే సేకరింపవలసి వచ్చినది. మన దేశమున పక్షులకు అంతటి మిత్రుడు మరియొకడు లేడు.

ఒడ్డువారే వేటను ఆపిన సందర్భము మన పొరుగున చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్‌లో కలదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర ఆంగ్లసైనికులు ఆ చెరువుపై పక్షులను కాల్చగా గ్రామస్థులు కలెక్టరువద్ద మొరపెట్టుకొని, 1798లో లయొనెల్ ప్లేస్ చేత రక్షణపత్రము పొందిరి. జీవకారుణ్యము కొంత ఉండవచ్చును. పక్షుల రెట్టతో బలిసిన చెరువునీరు తమ మళ్లకు ఎరువగునన్న తెలివి అంతకన్న ఎక్కువ యుండెను. పిట్ట నీటిది, దాని రెట్ట పొలానిది.

జాగీర్లు 1949లో రద్దయినవి, సర్ఫెఖాసు అదే యేట సర్కారు దివానీలో కలిసినది. పోచారము 1952లో అభయారణ్యమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అటవీజంతువులను ప్రభుత్వపు సొత్తుగా ఎంచి వేటను కట్టడిచేయగా, 1991 సవరణ వినోదవేటకు మిగిలిన అనుమతిపత్రములను గూడ తుడిచిపెట్టినది. నేడు ఫిల్మ్‌నగరులో కథానాయకుడు విడిచిన బాణమునకు ఎర కావలసిన కుందేలును చిత్రమున చూపవలెనన్నను జంతుసంక్షేమ మండలి పత్రము ముందుగా తేవలెను. కనుక నీటిపై నిలిచి వేటాడువాడు ఏ గీతవరకు పోవచ్చునన్న ప్రశ్నకు మన దేశమున సమాధానమే అక్కరలేకపోయినది. గీత మాత్రము పోలేదు. వేటకాడు తప్పుకొన్నచోట ఇల్లుగట్టువాడును, చేపలచెరువు త్రవ్వువాడును వచ్చి నిలిచిరి.

కొల్లేరు కథ యిదియే. బుడమేరు, తమ్మిలేరుల నీటిని గైకొని ఉప్పుటేరుద్వారా సముద్రమునకు విడుచు ఆ సరస్సు ఏటేట వ్యాకోచసంకోచములు పొందునది. దాని గర్భమున పట్టాగల జిరాయితీ భూములును, పేదల సంఘములకిచ్చిన భూములును కలవు. 1976లో సంఘములకు అచ్చట చేపలచెరువులు త్రవ్వి యిచ్చినది ప్రభుత్వమే. నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు పేరనే మా యూసుఫ్‌గూడ ప్రక్కన వెంగళరావునగరము వెలసినది. 1999 అక్టోబరులో అదే ప్రభుత్వము సముద్రమట్టమునకు ఐదడుగుల కాంటూరువరకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమని ప్రకటించి, 2006లో గట్లు తెగగొట్టించినది. గూడబాతునకు ఐదవ కాంటూరన్న నేమి తెలియును? రైతునకు మాత్రము బాగుగా తెలిసినది. ఆ గీతను మూడునకు దింపవలెనన్న కోరిక నాటినుండి నేటివరకు ఆరలేదు.

మా కొండలమీది గీతలు ఇంకను సన్ననివి. జూబిలీహిల్సున ఆసఫ్‌జాహీ రాకుమారుల చిరాన్ మహలు నున్న అడవిని 1998 డిసెంబరులో కాసు బ్రహ్మానందరెడ్డి పేర జాతీయోద్యానముగా ప్రకటించిరి. దాని చుట్టు నుండవలసిన రక్షణవలయము 2020లో ఖరారైనప్పుడు దాని వెడల్పు కొన్నిచోట్ల 29.8 మీటర్లు, కొన్నిచోట్ల 3 మీటర్లు. మూడు మీటర్లనిన ఒక నెమలి తోక విప్పి వెనుకకు తిరుగుటకు చాలును. చెరువులకైతే 2012 ఉత్తరువుల ననుసరించి నిండుమట్టపు గీత దాటి, పది హెక్టారులకు మించిన వానికి 30 మీటర్లు, తక్కువైనవానికి 9 మీటర్లు విడువవలెను. ఆ విడువనివారి కొరకై 2024 జూలైలో హైడ్రా అను సంస్థ పుట్టినది. పట్వారి నాటి శిఖము ఋతువుతో నడచెడిది. ఈ గీత నడువదు. నడువని గీతకు అటునిటు మనుష్యులు నడుచుచుందురు.

నీరు మాత్రము పాత పహాణీనే నమ్ముకొన్నది. శ్రావణ భాద్రపదములలో జూబిలీహిల్సుపై ఒక్క గంట వాన కురిసెనా, కొండనీరు కృష్ణానగరు సందులలోనికి దిగి, ద్విచక్రవాహనములను దొర్లించుచు, యూసుఫ్‌గూడ మీదుగా హుస్సేన్‌సాగరపు దారి పట్టును. మొన్నటి వానలో ఒక సాయంకాలము ఆ సందులోనే చిక్కుకొని నేనొక అంగడి మెట్టుమీద నిలిచియుంటిని. ఎదుటి గడపకడ, మోకాలిబంటి నీటిలో, చిత్రములలో చిన్నవేషములు వేయు వృద్ధుడొకడు ఖాకీ దుస్తులతో, దొరటోపితో, చంకలో కర్రతుపాకితో షూటింగు వ్యాను కొరకు ఎదురుచూచుచుండెను. ఇంటి యజమానురాలు కిటికీ తెరచి, "తాతా, గడప మీదికి ఎక్కి నిలబడు, బట్టలు ఖరాబయితయ్" అనెను. అతడు టోపీ సవరించుకొని, "ఉండనీ బిడ్డా, నీళ్లలనే ఉంట, గడప నీది" అని నవ్వెను.